స్కూల్లో మళ్ళీ కోవిడ్ అని మెసేజ్ వస్తే ఇంట్లో ఏం చేయాలి

రాత్రి తొమ్మిది దాటాక క్లాసు గ్రూపులో మెసేజ్ పడుతుంది. "మన సెక్షన్‌లో ఒక విద్యార్థికి కోవిడ్ పాజిటివ్ వచ్చింది, దయచేసి పిల్లలకు టెస్ట్ చేసి పంపగలరు." మా ఇంట్లో ఇది మొదటిసారి చదివినప్పుడు చేతులు చల్లబడిపోయాయి. రెండోసారి కోపం వచ్చింది, ఎవరి మీదో నాకే తెలియదు. మూడోసారి ఏడుపొచ్చింది. ఆ వారం ఆఫీసులో సెలవు దొరికే వీల్లేదు, పెద్దవాడు నాలుగో క్లాసు, చిన్నది ఒకటో క్లాసు, ఇద్దరి సెక్షన్లలోనూ కేసులు, ఒక టీచరు రెండ్రోజులు ఆపమంటే ఇంకో టీచరు టెస్ట్ నెగటివ్ వస్తే పంపేయమన్నారు.

అది గడిచాక కూర్చుని ఆలోచిస్తే ఒకటి అర్థమైంది. పిల్లలకు జ్వరం ఉన్న రెండు మూడు రోజుల కంటే, ప్రతిసారీ రాత్రి పదింటికి అన్నీ మొదటినుంచి తేల్చుకోవడమే మమ్మల్ని ఎక్కువ నలిపేసింది. ఎవరు సెలవు పెట్టాలి, రెండో పిల్లని పంపాలా వద్దా, కిట్ ఎక్కడుంది, దాని డేటు అయిపోయిందా, అమ్మమ్మకి ఎప్పుడు చెప్పాలి. అందుకే తోటి తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇదే: ఇది మళ్ళీ వస్తుందనే అనుకోండి, అందరూ ఆరోగ్యంగా ఉన్న ఒక సెలవు రోజు కూర్చుని నిర్ణయాలన్నీ ముందే తీసేసుకోండి.

మళ్ళీ ఎందుకొస్తుంది అంటే, ఈ వైరస్ మారుతూ ఉంటుంది, ఒకసారి వచ్చి తగ్గినా, టీకా వేసుకున్నా, సోకకుండా అడ్డుకునే శక్తి కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. 2021 నవంబర్‌లో ఒమిక్రాన్ అనే కొత్త రకం బయటపడిన దగ్గర్నుంచి రెండోసారి, మూడోసారి సోకడం మామూలైపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించినప్పుడు కూడా వైరస్ పోయిందని చెప్పలేదు, అది మనతోనే ఉంటుందనే చెప్పింది. ఇక ప్రైమరీ క్లాసు సంగతి మీకు తెలిసిందే. ఒకే గది, ఐదారు గంటలు, పక్కపక్కన తలలు ఆనించుకుని ఒకే పుస్తకంలోకి చూసే పిల్లలు. ఎవరి తప్పూ లేకుండానే పాకుతుంది.

ముందు ఒక కాగితం రాసి అంటించండి

మాది అల్మరా తలుపు లోపలి వైపు అంటించి ఉంది. ఫోనులో రాసుకోవచ్చు కానీ ఆ సమయానికి ఫోను ఇంకొకరి చేతిలో ఉంటుంది, కాగితమే నయం. అందులో పెద్ద విషయాలేమీ లేవు. మొదటి రోజు ఎవరు ఇంట్లో ఉంటారు, రెండో రోజు ఎవరు. ఇద్దరికీ కుదరకపోతే ఎవరికి ఫోన్ చేయాలి (వాళ్ళని ముందే అడిగి ఉంచాలి, వాళ్ళింట్లో పెద్దవాళ్ళున్నారా అన్నదీ కనుక్కోవాలి). ఇద్దరు పిల్లల బరువు, తూచిన తేదీతో సహా. పిల్లల డాక్టర్ నంబరు, రాత్రిపూట వెళ్ళాల్సిన ఆసుపత్రి. కిట్ల డేటు ఎప్పటివరకు. ఇంట్లో ఎవరికి ఆస్తమా, షుగర్, గుండె జబ్బు లాంటివి ఉన్నాయో, ఎవరు రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నారో, వాళ్ళకి వెంటనే చెప్పాలన్న ఒక లైను. అంతే.

బరువు ఎందుకంటే జ్వరం మందు బరువును బట్టే ఇవ్వాలి, వయసును బట్టి కాదు. దాని గురించి కింద చెప్తాను.

స్కూలుని కూడా ఆ ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే అడగండి. ఎన్ని రోజులు ఆపమంటారు, జ్వరం తగ్గాక ఎంతసేపటికి పంపొచ్చు, ఇంట్లో చేసిన ర్యాపిడ్ టెస్ట్ ఒప్పుకుంటారా లేక ల్యాబ్ రిపోర్టే కావాలా, లక్షణాల్లేని పిల్లలకు కూడా టెస్ట్ అడుగుతారా, ఇంట్లో ఉన్న పిల్లలకి పాఠాలు ఎలా పంపుతారు. జవాబు నోటిమాటగా వద్దు, మెసేజ్‌గా పెట్టమనండి. దేశదేశానికీ రూల్ వేరు: బ్రిటన్‌లో పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి పాజిటివ్ వస్తే 3 రోజులు ఇంట్లో ఉంచమన్నారు, పెద్దవాళ్ళకి 5 రోజులు. అమెరికాలో 2024 మార్చి నుంచి రోజుల లెక్క తీసేసి, మందు లేకుండా 24 గంటలు జ్వరం రాకుండా ఉండి, మిగతా లక్షణాలు కూడా తగ్గుముఖం పడితే బయటికి రావొచ్చన్నారు, ఆపైన ఇంకో ఐదు రోజులు జాగ్రత్తగా ఉండమన్నారు. కాబట్టి మీ బంధువు వేరే దేశం నుంచి ఫోన్లో చెప్పే రూల్ పట్టుకుని టీచరుతో వాదనకి దిగొద్దు, మీ స్కూలు రూలేంటో అది చూసుకోండి.

మెసేజ్ వచ్చిన రాత్రి

చాలామంది చేసే పొరపాటు, నేను మొదటి రెండుసార్లూ చేసిందీ, నిద్రపోతున్న పిల్లని లేపి టెస్ట్ చేయడం. దానివల్ల ఉపయోగం దాదాపు ఉండదు. వైరస్ ఒంట్లోకి వెళ్ళాక ముక్కులో పెరగడానికి సమయం పడుతుంది. మొదటి రోజుల రకాలకి లక్షణాలు కనబడటానికి సగటున ఐదు రోజులు పట్టేది, ఒమిక్రాన్ రకాలకి మూడు రోజుల దాకా. ర్యాపిడ్ టెస్ట్‌లో గీత రావాలంటే వైరస్ బాగా పెరిగి ఉండాలి. నిన్న పక్కన కూర్చున్న పిల్లాడి దగ్గర అంటుకుని ఉంటే ఈరోజు నెగటివే చూపిస్తుంది, మీరు ఊపిరి పీల్చుకుని ఎల్లుండి అమ్మమ్మ పక్కన పడుకోబెడతారు.

ఆ రాత్రి చేయాల్సింది తేదీ కనుక్కోవడం. ఆ పాజిటివ్ పిల్ల (పేరు అడక్కండి, ఆ ఇంట్లో వాళ్ళు ఇప్పటికే నలిగిపోతూ ఉంటారు) ఆఖరుసారి క్లాసుకి ఎప్పుడొచ్చింది అని టీచర్ని అడగండి. ఆ రోజుని సున్నా రోజుగా పెట్టుకుని అక్కణ్ణుంచి లెక్కపెట్టండి. మీ పిల్లలో నలత ఏమీ లేకపోతే మూడో రోజు నుంచీ ఐదో రోజు దాకా కళ్ళు తెరుచుకుని ఉండాలి. క్యాలెండర్ మీద ఆ రోజులకి సున్నా చుట్టండి. ఆ వారంలో పెద్దవాళ్ళని కలిసే ప్రయాణాలు, పుట్టినరోజు పిలుపులు ఉంటే వాయిదా వేయండి. ఇక పడుకోండి.

లక్షణాలుంటే మాత్రం, గొంతు గరగర, ముక్కు కారడం, ఒళ్ళు వెచ్చబడటం, కడుపు నొప్పి, మామూలుకన్నా మందకొడిగా ఉండటం, వీటిలో ఏది కొత్తగా మొదలైనా అప్పుడే టెస్ట్ చేయొచ్చు. చిన్నపిల్లల్లో కోవిడ్ ఒక్కోసారి వాంతులు, విరేచనాలతోనే మొదలవుతుంది, దగ్గు ఉండి తీరాలని లేదు.

ఒక్క నెగటివ్‌తో నమ్మేయకండి

ఇది చాలా ముఖ్యం, అందుకే విడిగా రాస్తున్నాను. ర్యాపిడ్ టెస్ట్ పాజిటివ్ చూపిస్తే దాదాపు నమ్మొచ్చు. నెగటివ్ చూపిస్తే ఆ గంటలో ముక్కులో గీత వచ్చేంత వైరస్ దొరకలేదని మాత్రమే అర్థం. అమెరికాలో మందులకీ టెస్టులకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2022 ఆగస్టులో చెప్పింది ఇదే: లక్షణాలుండి మొదటిది నెగటివ్ వస్తే 48 గంటల తర్వాత ఇంకోటి చేయాలి, లక్షణాలు లేకుండా పాజిటివ్ వాళ్ళతో కలిసి ఉంటే 48 గంటల తేడాతో మొత్తం మూడు చేయాలి. ఇంట్లో రెండే కిట్లుంటే ఒకేరోజు పొద్దునా సాయంత్రం రెండూ తగలేయొద్దు, మధ్యలో రెండ్రోజులు ఆగండి.

ల్యాబ్‌లో చేసే ఆర్‌టీపీసీఆర్ (పీసీఆర్) టెస్ట్ అంతకంటే చాలా సూక్ష్మంగా పట్టుకుంటుంది, అనుమానం తీరకపోతే, లేదా ఇంట్లో వేరే జబ్బులున్న వాళ్ళుంటే అది చేయించడం మంచిదే. కానీ తగ్గిందో లేదో చూడటానికి దాన్ని వాడకండి. పిల్ల పూర్తిగా కోలుకుని ఎవరికీ అంటించే స్థితిలో లేకపోయినా వైరస్ తునకలు వారాల తరబడి ముక్కులో మిగిలిపోతాయి, పీసీఆర్ వాటినీ పట్టుకుంటుంది. కొందరిలో 90 రోజుల వరకూ పాజిటివ్ వస్తుంది. స్కూలు వాళ్ళు "పీసీఆర్ నెగటివ్ వచ్చేవరకూ పంపొద్దు" అంటే ఈ విషయం మర్యాదగా చెప్పండి, డాక్టర్ చేత ఒక చీటీ రాయించండి. నెలరోజులు పిల్లని ఊరికే కూర్చోబెట్టక్కర్లేదు.

పిల్లకి ముక్కులో పుల్ల పెట్టడం ఎలా

మా చిన్నది టెస్ట్ అంటేనే మంచం కిందకి దూరిపోయేది. కారణం ఉంది. మొదటిసారి ఒక క్యాంపులో ఇద్దరు పట్టుకుని చేశారు, నేను కూడా "ఒక్క నిమిషం అమ్మా" అంటూ దాని తల గట్టిగా పట్టుకున్నాను. ఆ భయం పోవడానికి రెండు నెలలు పట్టింది. అందుకని ఈ ఒక్కదాంట్లో మాత్రం తొందరపడొద్దని బతిమాలుతున్నాను.

ఇంట్లో చేసే కిట్లలో చాలావాటికి పుల్ల లోతుగా వెళ్ళక్కర్లేదు. ముక్కు ముందు భాగంలో ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు, అంటే దూది ఉన్న మేర వెళితే చాలు, అక్కడ గోడకి ఆనించి గుండ్రంగా తిప్పాలి, రెండో ముక్కులోనూ అదే పుల్లతో అలాగే. ఎన్నిసార్లు తిప్పాలి అన్నది మీ కిట్‌లో ఉన్న కాగితమే చెప్తుంది, కంపెనీకొకటి ఉంటుంది కాబట్టి ఇది కచ్చితంగా చదవండి. గొంతులో తీసే రకమైతే ముందు అరగంట ఏమీ తిననివ్వకూడదు, తాగనివ్వకూడదు. పుల్ల పెట్టేముందు ఒకసారి ముక్కు చీదించండి, చీమిడి ముద్ద కంటే గోడ నుంచి వచ్చే తడే కావాలి.

నేను ఇప్పుడు చేసే పద్ధతి ఇది. ముందే మిగతా పనంతా అయిపోవాలి: చేతులు కడుక్కోవడం, బల్ల తుడవడం, కిట్ విప్పడం, ట్యూబు స్టాండులో పెట్టడం, ఫోనులో టైమర్. ఇవన్నీ పిల్ల చూస్తూ ఉంటే ఆ ఐదు నిమిషాల్లో భయం రెట్టింపవుతుంది. తర్వాత పిల్లని కిటికీ దగ్గర వెలుతురులో, ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాను. తల వెనక్కి నా భుజానికి ఆనుతుంది, అప్పుడు వెనక్కి లాక్కోలేదు, నేనూ పట్టుకోనక్కర్లేదు. దాని చెయ్యి తీసి నా మణికట్టు మీద పెట్టుకోమంటాను. "నువ్వు నొక్కితే నేను ఆపేస్తాను" అని మాటిచ్చాను. మొదటిసారి రెండు తిప్పగానే నొక్కింది. ఆపేశాను, పుల్ల పూర్తిగా బయటికి తీసేశాను. నా ముఖంలోకి చూసింది, నిజంగా ఆపానా అని. తర్వాత తనే "ఇప్పుడు పెట్టు, నేను లెక్కపెడతా" అంది. గట్టిగా లెక్కపెడుతుంటే ఊపిరి బిగపట్టదు, ముఖం కూడా బిగుసుకోదు. ఆరోజు నుంచి మంచం కిందకి దూరలేదు. కావాలంటే ముందు బొమ్మకి చేయనివ్వండి, లేదా ఏడేళ్ళు దాటిన పిల్లలైతే పుల్ల వాళ్ళ చేతికే ఇచ్చి మీరు పక్కన ఉండి చెప్పండి, చాలామంది మనకంటే బాగా చేసుకుంటారు.

"నొప్పి పెట్టదు" అని మాత్రం చెప్పకండి. కొంచెం పెడుతుంది, చక్కిలిగింతలా ఉండి కళ్ళలో నీళ్ళొస్తాయి. ఉన్నది ఉన్నట్టు చెప్తే రెండోసారి నమ్ముతారు.

ఆ ద్రవం ఉన్న ట్యూబు పిల్లలకి అందకుండా చూడండి. కొన్ని కిట్లలో అందులో సోడియం అజైడ్ లాంటి రసాయనాలు కొద్ది మోతాదులో ఉంటాయి. కంటి చుక్కల సీసాలా కనిపిస్తుంది కాబట్టి పొరపాట్లు జరిగాయి కూడా. కంట్లో పడితే వెంటనే బాగా నీళ్ళతో కడిగి డాక్టర్‌కి ఫోన్ చేయాలి. నోట్లోకి పోయినా ఫోన్ చేయాల్సిందే.

గీత చూడటం: పట్టీ మీద సి (టెస్ట్ పనిచేసిందని చూపేది), టి (వైరస్ ఉందని చూపేది) అని రెండు గుర్తులుంటాయి. సి దగ్గర గీత రాకపోతే టెస్టే చెడిపోయినట్టు, కొత్తది చేయాలి. సి, టి రెండూ వస్తే పాజిటివ్. టి గీత ఎంత పల్చగా ఉన్నా, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వంచి చూస్తేనే కనబడేంతగా ఉన్నా, టైములోపల వస్తే పాజిటివే. రాత్రంతా వదిలేసి పొద్దున చూస్తే కనబడే బూడిద రంగు గీతని లెక్కలోకి తీసుకోకూడదు. చాలా కిట్లకి 15 నిమిషాలకి చూడాలని, 20 లేదా 30 నిమిషాలు దాటాక చూడొద్దని రాసి ఉంటుంది. కిట్లు ఎక్కువభాగం 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలి, కారులో ఎండకి వదిలేసినది వాడొద్దు. ఫ్రిజ్‌లోంచి తీస్తే గది వేడికి వచ్చేదాకా ఆగండి.

పాజిటివ్ వస్తే

ముందు మీరు కూర్చోండి. పిల్ల మీ ముఖమే చూస్తుంటుంది. ప్రైమరీ వయసు పిల్లల్లో ఎక్కువమందికి ఇది రెండు మూడు రోజుల జ్వరం, నాలుగైదు రోజుల దగ్గు, జలుబుతో పోతుంది.

పారాసిటమాల్ మోతాదు కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఒకసారి ఇచ్చాక నాలుగు నుంచి ఆరు గంటలు ఆగాలి, రోజులో నాలుగుసార్లు మించకూడదు. 20 కిలోల పిల్లకి 200 నుంచి 300 మిల్లీగ్రాములన్నమాట. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. సిరప్‌లలో 5 మిల్లీలీటర్లకి 120 మిల్లీగ్రాములున్నవీ, 250 ఉన్నవీ రెండూ ఉంటాయి, పోయినసారి ఎంత పోశామో గుర్తుపెట్టుకుని ఈసారి వేరే సీసాలోంచి అంతే పోస్తే సగమో రెట్టింపో అయిపోతుంది. సీసా మీద చదివి లెక్క కట్టండి, ఇచ్చిన టైము కాగితం మీద రాయండి, లేకపోతే రాత్రి ఒకరిచ్చింది తెలియక ఇంకొకరూ ఇస్తారు. జలుబు మందుల్లో కూడా పారాసిటమాల్ కలిసి ఉంటుంది, అది కూడా చూడండి. ఆస్పిరిన్ పిల్లలకి ఇవ్వనే కూడదు, వైరస్ జ్వరాల్లో అది రేస్ సిండ్రోమ్ అనే ప్రమాదకరమైన స్థితికి దారితీయొచ్చు. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు, ఇంట్లో మిగిలిన సీసా తీయకండి.

నీళ్ళు, ఏ రూపంలోనైనా, తరచుగా కొద్దికొద్దిగా. తిండి రెండ్రోజులు తగ్గినా ఫర్వాలేదు. ఎనిమిది గంటలుగా ఒంటికి వెళ్ళకపోతే మాత్రం ఆలోచించాల్సిందే.

ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోండి. పిల్ల నిద్రపోతున్నప్పుడు, జ్వరం తగ్గి ఉన్నప్పుడు, చొక్కా పైకి తీసి పూర్తిగా ఒక నిమిషం పొట్ట ఎన్నిసార్లు లేచిందో చూడాలి. ఐదేళ్ళు దాటిన పిల్లల్లో 30 దాకా వస్తే డాక్టర్‌కి చెప్పాలి. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీసుకుంటున్నా, పెదాలు నీలంగా మారినా, లేపినా సరిగ్గా లేవకపోయినా, మాట పూర్తి చేయలేకపోతున్నా ఇంక ఫోన్లు చేస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఆక్సీమీటరు ఉంటే మంచిదే, 94కి దిగితే చూపించండి, కానీ చిన్న వేళ్ళకి పెద్దవాళ్ళ పరికరం సరిగ్గా పట్టదు, చేతులు చల్లగా ఉన్నా గోళ్ళకి రంగున్నా తప్పు చూపిస్తుంది, అంకె ఒక్కటే చూసి నమ్మకండి, పిల్లని చూడండి. ఒమిక్రాన్ వచ్చాక చిన్నపిల్లల్లో కుక్క మొరిగినట్టుండే దగ్గు ఎక్కువగా కనిపించింది, గాలి లోపలికి పీల్చేటప్పుడు కీచుమని శబ్దం వస్తే వెంటనే చూపించాలి.

ఇంకోటి, తగ్గిపోయాక రెండు నుంచి ఆరు వారాల్లో మళ్ళీ విడవని జ్వరం వచ్చి, దాంతోపాటు ఒంటిమీద దద్దుర్లు, కళ్ళు ఎర్రబడటం, కడుపు నొప్పి, వాంతులు ఉంటే మామూలు జ్వరం అనుకోవద్దు. దాన్ని మిస్-సి అంటారు, కోవిడ్ తగ్గాక ఒంట్లో చాలా అవయవాలకి వాపు వచ్చే జబ్బు. ఇప్పుడు చాలా అరుదు, అయినా డాక్టర్‌కి "నెల కింద కోవిడ్ వచ్చింది" అని ముందే చెప్తే వాళ్ళకి సగం దారి దొరుకుతుంది.

ఇంట్లో విడిగా ఉంచడం గురించి ఎక్కువ చెప్పను. ఆరేళ్ళ పిల్లని గదిలో పెట్టి తలుపేయడం జరిగే పని కాదు, చేయకూడదు కూడా. మేం చేసింది: ఒక్కరమే దగ్గరుండటం, ఆ ఒక్కరూ బాగా పట్టే ఎన్95 వేసుకోవడం, ఆ గది కిటికీలు రెండువైపులా తెరవడం, రెండోవాడిని వేరే గదిలో పడుకోబెట్టడం. రెండుసార్లు వాడికి అంటలేదు, మూడోసారి అంటింది. పెద్దవాళ్ళని మాత్రం ఆ వారం వేరే ఇంటికి పంపించగలిగితే పంపండి.

స్కూలుని అడగాల్సిన అసలు విషయం: గాలి

మొదట్లో అందరం బల్లలు తుడిచాం, సంచులకి మందు కొట్టాం. ఇది ప్రధానంగా గాలిలో పాకే వైరస్, ఊపిరితో, మాటతో, పాటతో బయటికొచ్చే సన్నటి తుంపరలు తలుపులు మూసిన గదిలో గంటల తరబడి పొగలా తేలుతుంటాయి. కాబట్టి పేరెంట్స్ మీటింగులో శానిటైజర్ గురించి కాకుండా కిటికీల గురించి అడగండి. ఏ క్లాసులో ఎన్ని తెరుచుకుంటాయి? రెండు పీరియడ్ల మధ్య ఐదు నిమిషాలు అన్నీ తెరుస్తారా? భోజనం, పాటల క్లాసు ఆరుబయట పెట్టొచ్చా? మాస్కు లేకుండా అందరూ ఒకేసారి నోరు తెరిచేది తినేటప్పుడే కదా.

నలుగురు తల్లిదండ్రులు కలిస్తే ఒక కార్బన్ డయాక్సైడ్ మీటరు కొని స్కూలుకి ఇవ్వొచ్చు. బయటి గాలిలో దాదాపు 420 పీపీఎం (పది లక్షల భాగాల్లో 420) ఉంటుంది, గదిలో 800 లోపు ఉంటే గాలి బాగానే మారుతున్నట్టు, 1500 దాటితే ఒకరు వదిలిన ఊపిరే ఇంకొకరు పీలుస్తున్నట్టు. అంకె చూపిస్తే వాదన ఉండదు, టీచరే లేచి కిటికీ తీస్తారు. కిటికీలు తెరవలేని గదులకి హెపా ఫిల్టరు (చాలా సన్నటి కణాల్ని కూడా పట్టేది) ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్లున్నాయి. అది భారమైతే కోర్సీ-రోసెంతాల్ బాక్స్ ఉంది, ఒక పెట్టె ఫ్యానుకి నాలుగైదు మెర్వ్ 13 రకం (సన్నటి కణాల్ని పట్టే) గాలి ఫిల్టర్లు టేపుతో అంటించి చేసేది. 2020లో రిచర్డ్ కోర్సీ ఆలోచన చెప్తే జిమ్ రోసెంతాల్ మొదటిది తయారుచేశారు, అప్పట్నుంచి ఎన్నో స్కూళ్ళలో పిల్లలే వీటిని కట్టుకున్నారు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2023లో గదిలో గాలి గంటకి కనీసం ఐదుసార్లు శుభ్రం కావాలని లక్ష్యం పెట్టింది, ఫిల్టరు చేసిన గాలి కూడా ఆ లెక్కలోకి వస్తుంది.

మాస్కు విషయానికొస్తే, ఐదేళ్ళు, అంతకంటే చిన్న పిల్లలకి అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది, 6 నుంచి 11 ఏళ్ళ వాళ్ళకి పరిస్థితిని బట్టి. సెక్షన్‌లో కేసులున్న ఆ వారం వేస్తే చాలు. ముఖానికి సరిపడే సైజుదే కొనండి, జారిపోయే మాస్కుని పిల్లలు రోజంతా చేత్తో ఎక్కదీసుకుంటూ ఉంటారు.

పిల్లల మనసు

ఇది చివర్లో రాస్తున్నా కానీ నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే. నాలుగోసారి మెసేజ్ వచ్చిన మర్నాడు రాత్రి, లైటు ఆర్పాక, చిన్నది దిండులో ముఖం దాచుకుని ఉంది. ఏడుస్తోందనుకున్నాను. దగ్గర కూర్చుంటే తెలిసింది, దగ్గు వినబడకుండా దిండు నోటికి అదుముకుంటోంది. ఒళ్ళంతా కదులుతోంది, శబ్దం మాత్రం లేదు. ఎందుకమ్మా అంటే, "నేను దగ్గితే స్కూలు మూసేస్తారు, నీకు ఆఫీసులో తిడతారు" అంది. మేం మా బాధలు వంటింట్లో మాట్లాడుకున్నామనుకున్నాం, అది అన్నీ విన్నది.

అప్పటినుంచి మా ఇంట్లో సెలవు గొడవ పిల్లల ముందు మాట్లాడం. "ఎవరు అంటించారు" అన్న మాట అనం, వాళ్ళ స్నేహితుల గురించి కూడా. టెస్ట్ నెగటివ్ వస్తే "గుడ్ గర్ల్" అనడం మానేశాం, ఎందుకంటే అప్పుడు పాజిటివ్ వస్తే చెడ్డపిల్ల అయిపోతుంది. గీత ఒకటొచ్చినా రెండొచ్చినా ఒకటే మాట: "చూసుకున్నాం కదా, ఇప్పుడేం చేయాలో తెలిసింది." వాళ్ళు అడిగే ప్రశ్నలకి చిన్న జవాబులు చాలు. తాతయ్యకి ఏమన్నా అవుతుందా అంటే, అవ్వదు అని ఒట్టేయకండి, "అందుకే ఈ వారం ఫోన్లో మాట్లాడుతున్నాం" అని చెప్పండి. కేసులున్న ప్రతి వారంలోనూ వాళ్ళకి మారనిది ఒకటి ఉండాలి, నిద్రపోయే టైమో, రాత్రి కథో, ఏదో ఒకటి.

క్లాసు గ్రూపులో కూడా దయచేసి ఎవరి పిల్లలు అని ఆరా తీయొద్దు. ఒకసారి మా గ్రూపులో అలా పేరు బయటికొచ్చింది, ఆ పిల్లాడు తిరిగొచ్చాక వారం రోజులు బెంచీలో ఒక్కడే కూర్చున్నాడు. ఆ తర్వాత ఇద్దరు తల్లులు పిల్లలకి దగ్గున్నా చెప్పకుండా పంపారు. నిందలు మొదలైతే జబ్బుని దాచడం మొదలవుతుంది.

తిరిగి పంపేటప్పుడు

మందు లేకుండా పూర్తిగా ఒక రోజు జ్వరం రాకుండా ఉండాలి, తింటూ ఆడుతూ ఉండాలి, స్కూలు చెప్పిన రోజులు అయిపోవాలి. ఆ రోజు ర్యాపిడ్ టెస్ట్ నెగటివ్ వస్తే మరీ మంచిది. ఇంకా గీత వస్తుంటే ఇంకా అంటించే అవకాశం ఉందనే అర్థం, వీలైతే ఒకటి రెండు రోజులు ఆపండి, వీల్లేకపోతే మాస్కుతో పంపండి, టీచర్‌కి చెప్పండి. దగ్గు రెండు వారాలు సాగొచ్చు, అది ఒక్కటే మిగిలితే దానికోసం ఆపక్కర్లేదు.

మొదటి వారం పరుగు పందేలు, ఆటల పోటీలు వద్దు, ఆయాసం, గుండె దడ, ఛాతీ నొప్పి అంటే ఆపి చూపించండి. కొందరు పిల్లలు నెలల తరబడి నీరసంగా ఉండిపోతారు, వాసన సరిగ్గా తెలియదంటారు, ఊరికే భయపడతారు. 2023 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల్లో దీర్ఘకాలపు కోవిడ్‌కి నిర్వచనం ఇచ్చినప్పుడు ఈ మూడింటినే ముఖ్యంగా చెప్పింది, లక్షణాలు కనీసం రెండు నెలలు ఉండాలంది. కాబట్టి సాయంత్రం బ్యాగు పడేసి మంచమెక్కే పిల్లని బద్ధకం అని తిట్టకండి, రెండు వారాలు తేదీలతో రాసిపెట్టి డాక్టర్‌కి చూపించండి. చదువులో మిస్సయినవన్నీ ఒకే ఆదివారం రాయించే పని కూడా పెట్టుకోవద్దు, టీచర్ని అడిగితే అందులో ముఖ్యమైనవి ఏంటో చెప్తారు.

టీకా విషయం మీ పిల్లల డాక్టర్ని ఒకసారి అడగండి, దేశాన్ని బట్టి, పిల్లకున్న జబ్బుల్ని బట్టి సలహా మారుతుంది, ముఖ్యంగా ఆస్తమా లాంటివి ఉన్నవాళ్ళు తప్పక అడగాలి.

పిల్లలు స్కూలుకెళ్ళిన ఆ మొదటి రోజు పొద్దున మాత్రం ఒక పది నిమిషాలు తీసుకుని అల్మరా తెరవండి. ఎన్ని కిట్లు మిగిలాయో, వాటి డేటు ఎప్పటివరకో చూడండి, థర్మామీటరు బ్యాటరీ చూడండి, సిరప్ తెరిచిన తేదీ చూసి పాతదైతే పారేయండి. పిల్లని ఆరోజు సాయంత్రం మళ్ళీ తూచి, కాగితం మీద పాత బరువు కొట్టేసి కొత్తది రాయండి.